మనకు నాలుగు, కువైట్‌లో ఒకటిన్నర

ఒంటి మీద ముడతలు, నెత్తిన నెరిసిన జుట్టు, కొడుకుకు కొడుకు. ఈ మూడూ కళ్లబడ్డాక గృహస్థు అడవి దారి పట్టాలని మనుస్మృతి ఆరో అధ్యాయం చెబుతుంది. నాకు మూడూ ఎప్పుడో కళ్లబడ్డాయి. అడవి కూడా దూరమేం కాదు. ఎల్లారెడ్డిలో బండి తీసి మెదక్ రోడ్డు పట్టుకుంటే కాసేపట్లో పోచారం. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి, ఇప్పుడు జింకల అభయారణ్యం. కానీ నా బండి రోజూ తిరిగేది ఇంకో దిక్కుకు. పొద్దున్నే మనుమణ్ణి ఒకటో తరగతికి దించాలి, తిరిగొచ్చి మనుమరాలిని ఆరో తరగతికి తీసుకుపోవాలి. సాయంత్రం అదే వరస తిరగేసి. మధ్యలో ట్యూషను, దోస్తుల పుట్టినరోజులు, ఒళ్లు వెచ్చబడితే దవాఖాన. ఆ శ్లోకం రాసినాయన కోడలికి బడి టైముకు బాక్సు కట్టే తొందర ఉండి ఉంటే, వానప్రస్థం ఇంకో పదేళ్లు వెనక్కి జరిగేది.

నేను ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యాను. కామారెడ్డి, తాడ్వాయి, లింగంపేట, ఎల్లారెడ్డి రోడ్డు మీద ఏ మలుపులో ఏ ఊరి గేదెలు అడ్డమొస్తాయో ఇప్పటికీ చెప్పగలను. అందుకే హోటల్ ముందు చాయ్ తాగే పాత దోస్తులకు నన్ను చూస్తే నవ్వు. "అన్నా, పల్లెవెలుగుల నూరుమందిని కుక్కుకొని పోయినోనివి, ఇద్దరు పోరగాండ్లకు రెండు ట్రిప్పులు కొడ్తవా?" అంటారు. కొడతాను. టూ వీలర్ మీద నడిపేవాడు కాక ఇంకొక్కరే కూర్చోవాలని మోటారు వాహనాల చట్టంలో ఉంది, నాలుగేళ్లు దాటిన పిల్లలకు హెల్మెట్ ఉండాలనీ ఉంది. బస్సులో నూరుమందిని ఎక్కించుకున్నది ఇంకో బస్సు లేక. ఇక్కడ ఇంకో ట్రిప్పు ఉంది, నాకు టైమూ ఉంది.

మనుమడి హెల్మెట్ చిన్నది, ఎర్రటిది. పట్టీ బిగించేటప్పుడు వాడు గదమ పైకెత్తి కళ్లు గట్టిగా మూసుకుంటాడు, ఎవరో సూది వేస్తున్నట్టు. క్లిప్పు టక్కుమన్నాకే తెరుస్తాడు. ఒకసారి వాడి మెడ మీది చర్మం క్లిప్పులో ఇరుక్కుంది. అప్పటి నుంచి నా చూపుడువేలు మధ్యలో పెట్టి బిగిస్తాను, నొక్కుకుంటే నా వేలే నొక్కుకుంటుంది. వాడు కళ్లు మూసుకోవడం మాత్రం మానలేదు.

ఈ పని నాకు వచ్చింది కొడుకు ఇంట్లో లేకపోవడం వల్ల. కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల దిక్కు ఊళ్లలో ఇది కొత్త ముచ్చటేం కాదు, ప్రతి వాడకట్టులో గల్ఫ్‌కు పోయినవాళ్లు ఉంటారు. మావాడు కువైట్‌లో హౌస్ డ్రైవర్. అక్కడ ఇంటిపని వాళ్లకు వేరే వీసా ఉంటుంది, ఇరవై నంబరు వీసా అంటారు. వంటమనిషి, ఆయా, డ్రైవరు అందరూ అందులోకే వస్తారు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిని కఫీల్ అంటారు. ఆ కఫీల్ ఇంట్లో ముగ్గురు పిల్లలు. పెద్ద జీఎంసీ బండి మీద పడ్డ ఇసుక దుమ్ము పొద్దున్నే తుడిచి, ఆ ముగ్గురిని బడికి దించి, మధ్యాహ్నం తిరిగి తేవడం మావాడి డ్యూటీలో మొదటి పని.

మన టైముకు అక్కడి టైము రెండున్నర గంటలు వెనక. ఇక్కడ బడి గంట కొట్టేసరికి వాడు ఇంకా బండి తుడుస్తుంటాడు. కానీ సాయంత్రం నాలుగింటికి నేను బడి గేటు దగ్గర వేపచెట్టు కింద నిలబడ్డప్పుడు అక్కడ ఒకటిన్నర. వాడూ ఒక గేటు ముందు ఏసీ వేసుకుని బండిలో కూర్చుని ఉంటాడు. ఇద్దరం పిల్లల కోసమే ఎదురుచూస్తుంటాం. వాడి పిల్లలు నా గేటు లోపల ఉన్నారు.

ఈ సంగతి మొదట నాకు తట్టలేదు. ఒకరోజు గేటు దగ్గర ఉండగా వాడు ఫోను చేసి "యాడున్నవ్ నాయినా?" అన్నాడు. "బడికాడ" అన్నాను. "నేను గూడ" అన్నాడు. ఇంకేం మాట్లాడుకోలేదు, ఇద్దరికీ పిల్లలు వచ్చేశారు.

శుక్ర, శనివారాలు అక్కడ బడికి సెలవు, మనకు ఆదివారం. వాడికి కాస్త తీరిక దొరికే శుక్రవారం పొద్దున పిల్లలు ఇక్కడ క్లాసులో ఉంటారు, ఆదివారం పిల్లలు ఇంట్లో ఉంటే వాడు డ్యూటీలో ఉంటాడు. ఇంటిపని వాళ్లకు వారానికో రోజు సెలవివ్వాలని కువైట్‌లో 2015లోనే చట్టం వచ్చింది. చట్టం ఎక్కడైనా చట్టమే, కానీ సెలవురోజే కఫీల్ ఇంటిల్లిపాదికీ షికారు బుద్ధి పుడుతుంది. అందుకని శుక్రవారం సాయంత్రం ఎప్పుడు ఫోను మోగుతుందా అని మా ఇంట్లో చార్జింగు మీద ఒక కన్నేసి ఉంచుతారు.

అలాంటి ఒక ఫోన్లో మనుమరాలు అడిగింది, "డాడీ, ఆ పిల్లలు నిన్ను ఏమని పిలుస్తరు?" వాడు "పేరు పెట్టి" అన్నాడు. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "పెద్దోళ్లను పేరు పెట్టి పిలుస్తరా? వాళ్ల టీచర్ ఏమనదా?" అని నా దిక్కు తిరిగింది, నేనేదో ఆ టీచర్‌కు ఫోను చేయగలనన్నట్టు. వాడు నవ్వి, "చిన్నోడు మంచోడే బిడ్డా, నా చెయ్యి పట్టుకుంటెనే బండి దిగుతడు" అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. పక్కన మనుమడు వింటున్నాడు.

కామారెడ్డిలో లెక్చరరుగా ఉన్న మా మేనల్లుడు ఇది విని, దీని మీద అమెరికాలో పెద్ద చదువే జరిగిందన్నాడు. ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సామాజికశాస్త్రవేత్త 2000లో దీనికి కేర్ చెయిన్ అని పేరు పెట్టిందట. ఫిలిప్పీన్స్ తల్లి అమెరికాలో ఎవరి బిడ్డనో పెంచుతుంది, ఆమె బిడ్డలను ఇంటి దగ్గర ఇంకెవరో పెంచుతారు. పూర్వం పేద దేశాల నుంచి బంగారం తరలించుకుపోయినట్టు ఇప్పుడు ప్రేమను తరలించుకుపోతున్నారని ఆమె వాదనట.

చాలా దూరం ఆలోచించిన మాటే. కానీ ఆ బంగారం లెక్క నాకు పూర్తిగా ఒప్పడం లేదు. బంగారం తవ్వుకుపోతే ఇక్కడ గుంత మిగలాలి. మావాడు అక్కడి చిన్నోడి చెయ్యి పట్టుకోవడం మొదలయ్యాక ఇంటికి అడిగే ప్రశ్నలు పెరిగాయి. పన్ను ఊడిందా? బూట్లు బిగుతయినయా? రాత్రి పక్క తడుపుతున్నడా? అక్కడి పిల్లవాడిని చూసి ఇక్కడి వాడి ఎత్తు అంచనా కట్టుకుంటున్నాడు. మమకారం ఒకచోట ఖర్చు చేస్తే ఇంకోచోట కరువయ్యే వస్తువని నాకనిపించదు. కరువయ్యేది ఆ నాలుగింటి వేళ. ఎంత ప్రేమ ఉన్నా మనిషి ఒక వేళకు ఒక్క గేటు ముందే నిలబడగలడు. జీతమిచ్చేవాడు కొనుక్కునేది దాన్నే.

నా వేళలను కూడా కొన్నాళ్లు సంస్థ కొనుక్కుంది. నైట్ హాల్ట్ బస్సంటే సాయంత్రం చివరి ట్రిప్పుగా పల్లెకు పోయి, రాత్రి అక్కడే ఉండి, తెల్లవారి మొదటి ట్రిప్పుగా తిరిగొచ్చేది. ఆ పల్లె పిల్లలను ఎందరినో కాలేజీ టైముకు చేర్చాను. నా కొడుకు బడికి ఎట్లా పోయేవాడో మా ఆవిడకు తెలుసు. బీడీలు చుట్టుకుంటూ ఆమె సాకింది. ఇప్పుడు ఆమెకు బీడీ పింఛను వస్తుంది, నాకు పీఎఫ్ పింఛను వస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ముప్ఫై ఏండ్లు స్టీరింగ్ తిప్పినోనికి, ఇంట్ల కూసున్నదానికి ఇంతేనా తేడా అని నవ్వుతుంది.

కొడుకుతో గడపలేకపోయింది మనుమలతో తీర్చుకుంటున్నావులే అని నన్ను ఓదార్చేవాళ్లు చాలామంది. వినడానికి బాగుంటుంది గానీ అదేం లెక్క? ఒకరికి ఇవ్వాల్సింది ఇంకొకరికి ఇస్తే బాకీ ఎట్లా చెల్లుతుంది? మనుమడు నా వెనక కూర్చుని తింటున్న బిస్కెట్ పొడి నా చొక్కా కాలర్‌లో పడుతుంది. అందులో వాళ్ల నాన్నకు చేరేది ఏమీ లేదు. నేను ఈ ట్రిప్పులు కొట్టేది ఏదో తీర్చుకోవడానికి కాదు. రిటైరైనవాడి పొద్దును కొనేవాడు లేడు. ఎవరికీ అక్కర్లేనిది గనకనే అది ఇంటికి మిగిలింది.

ఆ మాట అనుకున్నంత సులువు కాదని 2025 ఆగస్టు చివర్లో తెలిసింది. ఆ రెండు రోజుల వానకు కామారెడ్డి జిల్లా అతలాకుతలమైంది. రోడ్లు తెగాయి, రైలుపట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, నిజాం కాలపు పోచారం ఆనకట్ట మీద నుంచి నీళ్లు దూకాయి. కట్ట నిలబడింది. బళ్లకు సెలవులు. టీవీలో చూసి మావాడు గంటకోసారి ఫోను చేసి "పిల్లలను బయటికి తియ్యకు" అనేవాడు. పిల్లలు ఇంట్లో హాయిగా క్యారమ్స్ ఆడుకున్నారు. నేనే కాలు నిలవక తిరిగాను, నడవని బండిని తుడిచాను, వాన తగ్గిందా అని వాకిలిలోకి పది మార్లు పోయాను. పిల్లలను దించడానికి నేను కావాలన్నది సగమే. నన్ను పొద్దున్నే లేపి చొక్కా తొడిగించడానికి వాళ్లూ కావాలి. ఆ లెక్కన అక్కడ జీతం తీసుకునేవాడికీ, ఇక్కడ ఊరికే చేసే నాకూ గేటు ముందు నిలబడ్డప్పుడు తేడా ఎంత ఉంటుందో నేనింకా తేల్చుకోలేదు.

ఈ నెలలో లైసెన్సు రెన్యువల్ ఉంది, కామారెడ్డి ఆఫీసుకు పోవాలి. యాభై అయిదు దాటినవాళ్లకు ఒకసారి ఇచ్చేది అయిదేళ్లకే, అదీ డాక్టరు కళ్లు చూసి సంతకం పెట్టాక. మనుమరాలు వేళ్ల మీద లెక్కపెట్టి, "అయిదేండ్లకు నాకు పదహారు. అప్పుడు నేను నడుపుత, నువ్వు ఎనక కూసో" అంది. పదహారుకు ఇచ్చే లైసెన్సు గేర్లు లేని యాభై సీసీ లోపు బండికేనని, అలాంటి బండి ఇప్పుడు షోరూముల్లో దొరకదని చెప్పాను. "అయితే బ్యాటరీ బండి" అంది. పోయిన శుక్రవారం ఆ సంగతి డాడీ చెవిన కూడా వేసింది. వాడు ఏ రంగు కావాలని అడిగాడు. నేనింకా సరే అనలేదు.