ఖైరాతా? హక్కా?

మనం తెలుగులో రోజూ వాడే 'హక్కు' అరబ్బీ 'హఖ్' నుంచి వచ్చింది. 'ఖైరాతు' కూడా ఆ దారినే వచ్చింది. రెండూ మన నోళ్ళలో సొంత మాటలై కూర్చున్నాయి. కానీ ఖైరాతు పుచ్చుకున్నవాడు తల వంచాలి, హక్కు పుచ్చుకున్నవాడు లెక్క చూసుకోవాలి. పర్యావరణ న్యాయం పేరుతో వలస బస్తీలకూ ఆదివాసీ గూడేలకూ ప్రభుత్వాలు, ఫౌండేషన్లు, కంపెనీలు పంచే డబ్బు ఈ రెంటిలో ఏది? 'సంక్షేమం' పేరుతో ఏది విదిలిస్తే అది పుచ్చుకుని షుక్రియా చెప్పాల్సినవాళ్ళుగా చూడబడిన మైనారిటీలం గనుక, ఈ ప్రశ్న మాకు దూరదేశపు ముచ్చట కాదు.

కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ సంగతి చూడండి. అక్కడ 1902 నుంచి చమురుశుద్ధి కర్మాగారం నడుస్తోంది. ఇప్పుడది షెవ్రాన్ కంపెనీది. దాని పొగ నీడలో నల్లవాళ్ళూ, లాటిన్ అమెరికా నుంచి వచ్చినవాళ్ళూ, లావోస్ శరణార్థులూ బతుకుతున్నారు. 1964 నుంచి 1973 దాకా అమెరికా లావోస్ మీద ఇరవై లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. ఆ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకు, బాంబులు వేసిన దేశంలోనే, అద్దె తక్కువని దొరికిన చోటు ఇది. 1999లో కర్మాగారంలో పేలుడు జరిగినప్పుడు తలుపులు మూసుకోమన్న హెచ్చరిక ఇంగ్లీషులోనే వచ్చింది. ఇంగ్లీషు రాని తల్లులకు అది చప్పుడు మాత్రమే. తమ భాషల్లో హెచ్చరిక కావాలని లావోస్ పిల్లలూ పెద్దలూ పోరాడారు, సాధించుకున్నారు. ఏ ఫౌండేషన్ నిపుణుడికీ తట్టని కోరిక అది. ఊపిరి ఆడనివాడికే తట్టింది. ఇంట్లో ఒక భాష, కచేరీలో ఇంకో భాషగా బతికే మాకు ఆ కోరిక విలువ వేరే చెప్పక్కర్లేదు.

మరి డబ్బు ఎవరి చేతికి పోతోంది? 1990లోనే నైరుతి అమెరికాలోని నల్ల, చికానో, ఆదివాసీ కార్యకర్తలు పది పెద్ద పర్యావరణ సంస్థలకు ఉత్తరం రాసి నిలదీశారు. మా నేలల గురించి మాట్లాడే మీ ఆఫీసుల్లో మా మనుషులేరీ అని వాళ్ళ ప్రశ్న. ముప్ఫై ఏళ్ళు గడిచాయి. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో, అడవులను కాపాడే ఆదివాసులకూ స్థానిక సముదాయాలకూ 170 కోట్ల డాలర్లు ఇస్తామని కొన్ని ప్రభుత్వాలూ దాతలూ మాటిచ్చారు. మొదటి ఏడాది ఖర్చయిన దాంట్లో ఆదివాసీ సంస్థలకు నేరుగా చేరింది ఏడు శాతమే. మిగతాది మధ్యవర్తుల గుండా ప్రయాణం చేసింది. ఇచ్చేవాడి దయ మీద నడిచేది ఎంత నిలుస్తుంది? పర్యావరణ న్యాయంపై క్లింటన్ 1994లో ఇచ్చిన ఉత్తర్వును 2025 జనవరిలో ఒక్క సంతకం కొట్టేసింది. 2022 చట్టం కింద మంజూరైన గ్రాంట్లు అనేకం ఆ ఏడాదే రద్దయ్యాయి. హక్కయితే ఇలా రాత్రికి రాత్రి పోతుందా?

ఇక్కడ మా సంప్రదాయంలోని ఒక మాట పనికొస్తుంది. జకాత్ ఇచ్చేవాడు ఉపకారం చెయ్యటం లేదు. తన సొమ్ములో కలిసివున్న పేదవాడి వాటాను వేరుచేసి అప్పగిస్తున్నాడు. హనఫీ ఫిఖ్ ఇంకో అడుగు ముందుకేసి 'తమ్లీక్' అంటుంది. పుచ్చుకునేవాణ్ణి ఆ సొమ్ముకు యజమానిని చేస్తే తప్ప జకాత్ చెల్లదు. ఇచ్చాక కూడా తాడు చేతిలో పెట్టుకోవటం కుదరదు. దాతల సంస్థలు పెట్టే షరతులూ, ఇంగ్లీషు దరఖాస్తులూ, మూడు నెలలకో రిపోర్టూ ఈ గీటురాయి మీద ఎంత నిలుస్తాయి?

లెక్క అడగకపోతే డబ్బు తినేస్తారు కదా అంటారు. నిజమే. మా వక్ఫ్ భూముల్ని మింగినవాళ్ళలో బయటివాళ్ళే కాదు, మా ముతవల్లీలూ ఉన్నారు. 'సముదాయం' అనగానే అందరూ ఒక్కటైపోరు. అందులో పెద్దలుంటారు, నోరులేనివాళ్ళుంటారు, మాట వినిపించని ఆడవాళ్ళుంటారు. కాబట్టి లెక్క అడగాల్సిందే. అయితే ఎవరు అడగాలన్నదే అసలు తగాదా. పొగ పీల్చే ఆడమనిషి అడిగితే అది న్యాయం. పొగ వదిలినవాడో, వాడి పన్ను మినహాయింపు మీద నడిచే ఫౌండేషనో అడిగితే అది పెత్తనం.

ఇంకో చిక్కు ఉంది. డబ్బు న్యాయాన్ని కొనేస్తే? బ్లాక్ హిల్స్ కొండల్ని 1877లో లాక్కోవటం అన్యాయమని అమెరికా సుప్రీంకోర్టు 1980లో ఒప్పుకుని, సూ ఆదివాసులకు పది కోట్ల డాలర్లకు పైగా పరిహారమిచ్చింది. వాళ్ళు తీసుకోలేదు. వడ్డీతో అది వంద కోట్లు దాటింది. పేదరికంలో ఉండి కూడా ముట్టుకోలేదు. ముట్టుకుంటే కొండల్ని అమ్మినట్టవుతుంది. నవాహోల నేలమీద అయిదు వందలకు పైగా పాడుబెట్టిన యురేనియం గనులున్నాయి. వాటిలో దాదాపు యాభైని శుభ్రం చేయటానికి, 2014లో కుదిరిన ఒక ఒప్పందం నుంచి వంద కోట్ల డాలర్ల దాకా కేటాయించారు. ఈ రెంటికీ వైరుధ్యం లేదని మేమనుకుంటున్నాం. పాడుచేసినవాడి చేత శుభ్రం చేయించే ఖర్చు వేరు, నేలకు కట్టిన ధర వేరు. మొదటిది తీసుకోవాలి, రెండోది కాదనే స్వేచ్ఛ ఉండాలి. రిచ్‌మండ్‌కు పదేళ్ళలో 55 కోట్ల డాలర్లిస్తానని షెవ్రాన్ 2024లో ఒప్పుకుంది. బదులుగా, చమురుశుద్ధిపై పన్ను వేయాలన్న ప్రతిపాదనను ఓటింగుకు రాకుండానే నగరం వెనక్కి తీసుకుంది. పెద్ద మొత్తమే. అవసరమూ పెద్దదే. కానీ జనం ఓటు వేసి తేల్చాల్సింది బేరంతో తేలింది.

రిచ్‌మండ్‌కు గంటన్నర దూరంలో, సిలికాన్ వ్యాలీలో, వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్ళూ వలసవచ్చినవాళ్ళే. ఊళ్ళో గుడికీ మసీదుకూ చందా పంపేవాళ్ళు పక్కనే ఉన్న లావోస్ బస్తీని ఎందుకు చూడరు? ఇక్కడ మనం మాత్రం తక్కువా? 2019లో నల్లమల యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. నవాహోల కథ తెలిసినవాళ్ళకు చెంచుల భయం అర్థమవుతుంది. ఆ చెంచుల దగ్గరికి రేపు ఎవరైనా నిధులతో వెళ్తే మొదట అడగాల్సింది 'ఎంత కావాలి' అని కాదు, 'మీరు కాదంటే మేం ఆగుతాం, సరేనా' అని. ఆ మాట అనలేని చెయ్యి ఎన్ని కోట్లిచ్చినా ఇచ్చింది ఖైరాతే.