ఒక శాస్త్రమా, రెండు వేలా?

దిగంబర జైన ముని దగ్గర మూడే వస్తువులు ఉండొచ్చు. కూర్చునే చోట చీమా దోమా నలగకుండా తుడుచుకోడానికి నెమలీకల పింఛిక, శుచికి కమండలం, చదువుకోడానికి శాస్త్రం. ఒంటి మీద గుడ్డ కూడా సొత్తేనని వదిలేసిన మనిషికి పుస్తకం ఒక్కటీ ఎలా మిగిలిందన్నది పాత ప్రశ్నే. దాని మీద నాకు ఇంకో ప్రశ్న పుట్టింది. ఆ శాస్త్రం స్థానంలో ఒక ఈ-రీడర్ పెడితే లెక్క ఎలా కట్టాలి? చూడ్డానికి వస్తువు ఒకటే, తూకం పావు కిలో కూడా ఉండదు. లోపల రెండు వేల పైచిలుకు పుస్తకాలు. అప్పుడు ఆ ముని దగ్గర ఉన్నది ఒక శాస్త్రమా, రెండు వేలా?

నాది గజపతినగరంలో మందుల షాపు. సాలూరు మీదుగా రాయపూర్ పోయే లారీలు గుమ్మం ముందు నుంచే వెళ్తాయి. మధ్యాహ్నం భోజనాల తర్వాత గిరాకీ ఉండదు. ఆ రెండు గంటలూ నా చదువు వేళ. మేనల్లుడు ఇచ్చిన రీడర్ కౌంటరు మీద పెట్టుకుని కూర్చుంటే, మెంటాడ వైపు నుంచి షుగరు మాత్రలకి వచ్చే పెద్దాయన ఒకాయన వంగి చూసి, "ఏటి బావూ, ఈ సెల్లుకి రంగుల్నేవేటి?" అన్నాడు. సెల్లు కాదు, పుస్తకం అన్నాను. "ఏ పుస్తకం?" అన్నాడు. నోరు తెరిచి ఊరుకున్నాను. ఆ క్షణాన తెర మీద ఉన్నది పుస్తకాల జాబితా. అరగంట నుంచి అదే పైకీ కిందకీ జరుపుతున్నాను.

అచ్చు పుస్తకాలు కొన్నన్నాళ్లూ నా ఆశకి కళ్లేలు ఉండేవి. డబ్బు ఒకటి, బీరువాలో జాగా ఒకటి, చెదలొకటి, "ఉన్నవి చదివారా?" అని అడిగే ఇంటావిడ ఇంకొకటి. రీడర్‌తో అన్నీ ఒక్కసారే తెగిపోయాయి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయించే పని తలపెట్టారు. మన దేశంలో దాని కొమ్మే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. అందులోని తెలుగు పుస్తకాలు వేలల్లో ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. దించుకోవడం మొదలెడితే చెయ్యి ఆగదు. బసవరాజీయం రెండు ముద్రణలు, పశువైద్యం, తర్కసంగ్రహాలు, హరికథలు, ఎవరో జమీందారు తీర్థయాత్ర. పైసా లేదు, పిసరంత బరువు లేదు. అన్నిటికంటే పెద్దది ఋగ్వేదం. మాక్స్ ముల్లర్ సాయణ భాష్యంతో వేసిన ఋగ్వేదానికి రెండో ముద్రణ మా విజయనగరం మహారాజు ఆనంద గజపతి రాజు గారి సొమ్ముతో, 1890, 92 మధ్య నాలుగు సంపుటాలుగా వచ్చింది. మా రాజు డబ్బుతో అచ్చయింది నా దగ్గర లేకపోతే ఎలా అని దించాను. నాకు సంస్కృతం రాదు.

ఇక్కడే అనుమానం మొదలైంది. చదవలేనిది ఎందుకు దాచాను?

విజయనగరం దాటి నెల్లిమర్ల వైపు వెళ్తే రామతీర్థం. శివరాత్రికి, శ్రీరామనవమికి మా జిల్లా సగం అక్కడే ఉంటుంది. కోదండరాముడి కొండగా అందరం మొక్కే బోధికొండ మీద తీర్థంకరుల విగ్రహాలున్నాయి; గురుభక్తులకొండ మీద బౌద్ధుల స్తూప విహారాల శిథిలాలున్నాయి. రామతీర్థంలోనే ఒక గుహలో తూర్పు చాళుక్య విమలాదిత్యుడి కాలపు కన్నడ శాసనం ఒకటి, రాజుగారి గురువు, దేశీగణ ఆచార్యుడు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఈ రామకొండకు మొక్కాడని చెబుతుంది. విమలాదిత్యుడంటే రాజరాజ నరేంద్రుడి తండ్రి. నన్నయ భారతానికి ఒక తరం ముందు మాట. పింఛిక, కమండలం, శాస్త్రం పట్టుకున్న మనుషులు మా వైపు నడిచారన్నమాట. ఆ మూడోది చేత్తో పట్టుకోవచ్చా లేదా అన్నది జైనుల్లో ఒకప్పుడు పెద్ద తగాదా.

శ్వేతాంబరుల నిశీథ భాష్యం పుస్తకం మీద ఎంత కఠినంగా ఉందో చూస్తే నాలాంటివాడికి ముచ్చెమటలు పడతాయి. సాధువు పుస్తకం కట్టు ఎన్నిసార్లు విప్పితే, ఎన్నిసార్లు కడితే, ఎన్ని అక్షరాలు రాస్తే అన్ని ప్రాయశ్చిత్తాలట. ఆకుల మధ్య చేరిన పురుగు నలుగుతుంది, మోసుకు తిరగాలి, అన్నిటికీ మించి అది నాదనిపిస్తుంది. మొదటి రెండు కారణాలూ నా రీడర్‌కి వర్తించవు. ఇందులో పురుగు చేరదు, బరువు లేదు. మూడోదే మిగిలింది. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రంలో పరిగ్రహానికి చెప్పిన లక్షణం కూడా అదే: పరిగ్రహం వస్తువులో లేదు, దాని మీది మమకారంలో ఉంది. అలా చూస్తే బరువు లేదన్న నా వాదన మొదట్లోనే కొట్టుకుపోయింది. ఇంకా చెప్పాలంటే బరువు లేకపోవడం వల్లే మమకారానికి హద్దు లేకుండా పోయింది.

పైగా ఈ మమకారం విచిత్రమైనది. కొన్న ఈ-బుక్ కూడా నిజానికి మనది కాదు, చదువుకునే అనుమతి మాత్రమే మనది. 2009 జూలైలో అమెజాన్ కిండిల్‌లలో కొందరు కొనుక్కున్న జార్జ్ ఆర్వెల్ '1984', 'యానిమల్ ఫామ్' రాత్రికి రాత్రి మాయమయ్యాయి. అమ్మినవాడికి హక్కులు లేవని తెలిసి కంపెనీ దూరం నుంచే తుడిచేసి డబ్బు తిరిగిచ్చింది. తర్వాత క్షమాపణా చెప్పింది. ఒక హైస్కూలు కుర్రాడికి తాను రాసుకున్న నోట్సు మిగిలిందట, ఏ పేజీల గురించి రాశాడో ఆ పేజీలు పోయాయి. సొత్తు వాళ్లది, మమకారం మనది. మునులు వదిలిపెట్టింది ఏదో దాన్ని మనం డబ్బిచ్చి కొంటున్నాం.

అయితే అన్నీ తుడిచేసి చేతులు దులుపుకోవాలా? మా వీధి చివరి పంతులు గారు అదే అంటారు. బీపీ మాత్రలకి వచ్చి, కౌంటరు ముందు స్టూలు మీద కూర్చుని వాదన మొదలెడతారు. "కంఠంలో ఉన్నదే మనది బాబూ. వేదం వేల ఏళ్లు కాగితం లేకుండా బతికింది. మీ మహారాజు గారు అచ్చు వేయించకపోయినా బతికేది." ఆయన చేతి సంచిలో గంటల పంచాంగం ఎప్పుడూ ఉంటుంది. ఆ మాట నేను అనను. పెద్దాయన.

కంఠం చాలదని తెలిసినవాళ్లూ ఆ మునులే. దిగంబర సంప్రదాయం చెప్పే కథ ఇది. గిర్నార్ కొండ గుహలో ధరసేనాచార్యుడు ముసలివాడయ్యాడు. తనతో పాటు తనకు తెలిసినదీ పోతుందని భయపడి దక్షిణాది ఆచార్యులకి కబురు పెట్టాడు. వాళ్లు ఇద్దరు శిష్యుల్ని పంపారు. ఆ ఇద్దరూ వెళ్లింది ఆంధ్ర విషయంలో వేణా నదీ తీరం నుంచి అని ధవళ వ్యాఖ్య చెబుతుంది. పుష్పదంతుడు, భూతబలి అని పేరుపడ్డ ఆ ఇద్దరూ గురువు దగ్గర విన్నది షట్ఖండాగమంగా రాశారు. రాయడం పూర్తయిన జ్యేష్ఠ శుద్ధ పంచమి శ్రుతపంచమి అయింది. ఇప్పటికీ ఆ రోజు పుస్తకాలకి పూజ చేస్తారు.

ఆ తర్వాత జరిగిందే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. దాని వ్యాఖ్య ధవళతో సహా ఆ గ్రంథం తాటాకుల్లో కర్ణాటకలోని మూడబిద్రి బసదిలో మిగిలింది. భక్తులు వెళ్లేవారు, కట్టకి దండం పెట్టుకుని వచ్చేవారు. చదవడం లేదు, ప్రతి రాసుకోవడం లేదు. 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి ఆకులు శిథిలమవుతున్నాయని ప్రతి రాయించడానికి ఒప్పుకున్నారు, అదీ ఊరు దాటకూడదన్న కట్టుబాటు మీద. రాతకి కుదిరిన పండితుడి పేరు గజపతి ఉపాధ్యాయుడు. పగలు వాళ్ల కోసం రాస్తూ, గుట్టుగా ఇంకో ప్రతి కన్నడ లిపిలో సిద్ధం చేశాడు. భార్య లక్ష్మీబాయి సాయం పట్టింది. ఆ ప్రతి సహారన్‌పూర్ చేరింది. దాని నుంచి పుట్టిన ప్రతులతో 1939లో హీరాలాల్ జైన్ సంపాదకుడిగా మొదటి సంపుటం అచ్చయింది, అమరావతిలో. మన అమరావతి కాదు, విదర్భది. ఇవాళ ఎవరైనా దించుకోవచ్చు.

అంటే ఆ గ్రంథం లోకానికి అందింది మాట తప్పి తీసిన నకలు వల్ల. అస్తేయ వ్రతం ఉన్న మతంలో.

ఈ కథ తెలిశాక తుడిచెయ్యడానికి చెయ్యి రాలేదు, అలాగని అన్నీ రీడర్‌లో ఉంచుకోడానికీ మనసొప్పలేదు. జైనులు చేసిందే చేశాను. జైసల్మేర్, పాటణ్ లాంటి చోట్ల వేల తాటాకు గ్రంథాలున్న భండారాలు సాధువులవి కావు, సంఘానివి. సాధువుకి కావలసింది తీసుకుంటాడు, చదివి తిరిగి ఇస్తాడు. మనకీ అలాంటిది లేకపోలేదు. ఇంటి పన్ను కట్టే ప్రతివాడూ రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాడు. మా శాఖా గ్రంథాలయం అందులోంచే నడుస్తుంది. రసీదులో ఆ గడి ఉందని ఎంతమంది చూస్తారో.

నా భండారం షాపు వెనక గదిలోని పాత కంప్యూటర్. కాలిబర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కోవిద్ గోయల్ అనే మనవాడు 2006లో మొదలుపెట్టింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒకటి చెప్పాలి. పుస్తకం ఎక్కించగానే కాలిబర్ దానికి సొంత నకలు తీసి, రచయిత పేరుతో ఒక ఫోల్డరు, లోపల పుస్తకం పేరుతో ఇంకో ఫోల్డరు కట్టుకుంటుంది. ఆ ఫోల్డర్లలో మనం చెయ్యి పెట్టి సర్దకూడదు. సర్దుడంతా కాలిబర్ లోపలి నుంచే. మొత్తం లైబ్రరీకి వేరే డిస్కులో ఇంకో నకలు ఉండాలి. స్కాన్ పీడీఎఫ్‌ని ఈపబ్‌గా మార్చితే రీడర్‌లో అక్షరం పెద్దదవుతుందనుకోకండి. స్కాన్ అంటే బొమ్మ. ఓసీఆర్ చేసి అక్షరాలుగా మారిస్తే తప్ప, ఏ పేరుతో మార్చినా బొమ్మే.

నా దగ్గర అందరికంటే ఎక్కువ రాసిన రచయిత ఎవరో కాలిబర్ చూపించింది: 'నాట్ ఎవైలబుల్'. డిజిటల్ లైబ్రరీ స్కాన్లలో రచయిత గడి దగ్గర ఎవరో అలా కొట్టి వదిలేశారు. పుస్తకం పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, చాలావాటికి పేరు బదులు అంకెలు. ఒక్కొక్కటీ తెరిచి ముఖపత్రం చదివి తెలుగులో పేరెక్కించడం మొదలెట్టాను. తెరిస్తే పేరొక్కటే కనపడదు. ఏదో రీడింగ్ రూము గుండ్రటి ముద్ర, సిరాతో కొట్టేసిన నంబరు, కానుకగా ఇచ్చినవాడి సంతకం, ఒకచోట పేజీ నొక్కి పట్టుకున్న స్కానింగు మనిషి బొటనవేలు. 'గురజాడ అప్పారావు' అని ఎక్కిస్తే కాలిబర్ దొరల పద్ధతిలో తిప్పి అప్పారావు కింద పెడుతుంది. సెట్టింగుల్లో 'ట్వీక్స్' దగ్గర రచయిత పేరు వరుసని 'కాపీ' అని మారిస్తే ఇంటిపేరు ముందుంటుంది. పేరు నా చేత్తో ఎక్కించనిది రీడర్‌లోకి పోకూడదని నియమం పెట్టుకున్నాను. రోజుకి నాలుగైదు మించి అవవు. దించుకునే ఆత్రం దానంతటదే తగ్గింది. రీడర్‌లో ఇప్పుడు చదువుతున్నదీ, దాని తర్వాతదీ ఉంటాయి. అయిపోయింది వెనక గదికి పోతుంది.

చిక్కు ఇంకొకటి ఉంది. తెలిసినవాళ్లు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో రావిశాస్త్రి, చాసో ఉన్నారు. మన చట్టంలో కాపీహక్కు రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది. గురజాడ, ఆదిభట్ల నారాయణదాసు ఎప్పుడో అందరివాళ్లయ్యారు. రావిశాస్త్రి పోయింది 1993లో, చాసో 1994లో. వాళ్ల కోసం 2050ల నడుమ దాకా ఆగాలి. వాళ్ల పుస్తకాలు అంగట్లో దొరుకుతాయి కాబట్టి ఫైళ్లు తీసేసి కొనుక్కున్నాను. గజపతి ఉపాధ్యాయుడి పేరు చెప్పుకుని రావిశాస్త్రిని ఉచితంగా చదవడం కుదరదు. అంగట్లో దొరకనివి, హక్కు ఎవరిదో తెలియనివి ఓ ముప్పై దాకా మిగిలాయి. వాటికి కాలిబర్‌లో 'మూడబిద్రి' అని ట్యాగ్ పెట్టాను. చదవను, ఎవరికీ ఇవ్వను, తుడవను.

పంతులు గారికి ఇది నచ్చలేదు. "చదవకుండా, చదవనివ్వకుండా దాచడమే కదయ్యా అక్కడా చేసింది?" అన్నారు. నిజమే. అందుకే ఆ ముప్పై పుస్తకాల రచయితల వారసుల కోసం వాకబు చేసి ఉత్తరాలు రాస్తున్నాను. పార్వతీపురం నుంచి ఇంకా ఏమీ రాలేదు. ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్స్ నుంచి ఒక రచయిత మనవరాలు రాసింది. తాతగారి పుస్తకం వాళ్లింట్లో ఒక్క ప్రతి కూడా లేదట. హక్కుల సంగతి తర్వాత, ముందు ఆ ఫైలు పంపమంది.