ఇంజన్ కోడ్ ప్రమాణమా?

కంటికి కనబడే గుర్తును బట్టి కనబడని కారణాన్ని ఎంతవరకు నిశ్చయించవచ్చు? భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఈ ప్రశ్నను కొండమీది పొగను చూసి నిప్పును ఊహించడంతో మొదలుపెట్టింది. పాత కార్లు బాగుచేసే షెడ్డులో ఇదే ప్రశ్న చెక్ ఇంజన్ లైటుతో మొదలవుతుంది. లైటు వెలిగిందంటే కారులోని కంప్యూటర్ ఒక లోపాన్ని కోడ్ రూపంలో నమోదు చేసిందన్నమాట. ఆ కోడ్‌ను తీర్పుగా తీసుకోవాలా, సాక్ష్యంగా తీసుకోవాలా అన్నదాని మీదే తర్వాతి పనంతా ఆధారపడుతుంది.

అమెరికాలో 1996 మోడల్ నుంచి అన్ని కార్లకూ ఓబీడీ-2 పద్ధతి తప్పనిసరి అయింది. అందులో ప్రతి కోడ్‌కూ ఒక అక్షరం, దాని వెనక నాలుగు గుర్తులు ఉంటాయి. పి0171నే తీసుకుంటే, ‘పి’ ఇంజన్, గేర్‌బాక్సుల విభాగాన్ని తెలుపుతుంది. సున్నా ఉంటే అది అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్. తర్వాతి 1 గాలి, ఇంధనాల పాళ్లకు గుర్తు. మొత్తం మీద ఆ కోడ్ చెప్పేది ఇది: మొదటి సిలిండర్ ఉన్న వరుసలో మిశ్రమం మరీ పల్చబడింది, వచ్చిన గాలికి తగినంత పెట్రోలు అందడం లేదు.

అయితే కంప్యూటర్ పెట్రోలును చూడలేదు. ఎగ్జాస్ట్ గొట్టంలో ఉన్న సెన్సర్ కాలిన వాయువుల్లో మిగిలిన ఆక్సిజన్‌ను మాత్రమే పసిగడుతుంది. పాత రకం సెన్సర్లలో ఆక్సిజన్ ఎక్కువైతే వోల్టేజీ 0.1 దగ్గరికి దిగుతుంది, తక్కువైతే 0.9 దగ్గరికి ఎక్కుతుంది. వోల్టేజీ దిగి ఉన్నంతసేపూ కంప్యూటర్ పెట్రోలు పెంచుతూ పోతుంది. ఆ పెంపు హద్దు దాటితే కోడ్ నమోదు చేస్తుంది. అంటే ప్రత్యక్షంగా తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే. పెట్రోలు చాలలేదన్నది దాని మీద కట్టిన అనుమితి, అంటే ఊహించి తేల్చిన నిర్ణయం.

అనుమితి నిలవాలంటే గుర్తుగా తీసుకున్న హేతువుకూ, దానితో తేల్చదలచిన సాధ్యానికీ మధ్య వ్యాప్తి ఉండాలి. హేతువున్న ప్రతిచోటా సాధ్యం ఉండి తీరాలి. ఇక్కడ ఆ నియమం తప్పుతుంది. ఒక సిలిండర్‌లో ప్లగ్గు నిప్పురవ్వ ఇవ్వకపోతే అందులోని గాలి, పెట్రోలు మండకుండానే బయటికి వస్తాయి. సెన్సర్‌కు ముందు గొట్టం పగిలితే బయటి గాలి లోపలికి చేరుతుంది. రెండు సందర్భాల్లోనూ పెట్రోలు సరిపడా ఉన్నా సెన్సర్‌కు ఆక్సిజన్ ఎక్కువగానే కనబడుతుంది. సాధ్యం లేనిచోట కూడా ఉండే ఇలాంటి హేతువును న్యాయదర్శన పండితులైన నైయాయికులు సవ్యభిచారం అన్నారు. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో హేత్వాభాసాలను, అంటే దోషమున్న హేతువులను, వివరిస్తూ దీన్నే ముందు చెప్పాడు. నిప్పు ఉంది కనుక పొగ ఉందనడం ఎందుకు చెల్లదో కూడా ఆ గ్రంథంలోనే ఉంది. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ ఉండదు. పొగ పుట్టాలంటే పచ్చికట్టె తోడు కావాలి.

కోడ్ రాగానే ఆక్సిజన్ సెన్సర్‌ను మార్చేయడం ఈ తేడాను మరచిపోవడం వల్ల జరిగే పొరపాటు. చాలాసార్లు ఆ సెన్సర్ ఉన్నదున్నట్టే చెప్పి ఉంటుంది. నిజం చెప్పిన సాక్షిని తప్పించినందువల్ల నేరం మాయం కాదు. ఖర్చు మాత్రం బండి యజమాని మీద పడుతుంది.

సరైన దారి శేషవత్ అనుమానం (ఇక్కడ అనుమానమంటే సందేహం కాదు, హేతువు నుంచి ఊహించడం). దీనికి న్యాయసూత్రాల భాష్యకారుడు వాత్స్యాయనుడు చెప్పిన ఒక వివరణ ప్రకారం, సాధ్యమైన కారణాల్లో పొసగనివాటిని తోసివేస్తూ మిగిలినదాన్ని గ్రహించాలి. గాలిని కొలిచే సెన్సర్ ఉన్న ఇంజన్‌లో వాక్యూమ్ పైపు చిరిగితే, కంప్యూటర్ చేసే పెట్రోలు దిద్దుబాటు శాతం ఐడ్లింగ్‌లో బాగా ఎక్కువగా ఉండి 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలు స్థాయికి వస్తుంది. పెట్రోలు పంపు బలహీనపడితే ఇందుకు విరుద్ధంగా, లోడు పెరిగేకొద్దీ ఆ శాతం పెరుగుతుంది. ఒక్క కొలతతో ఒక కారణం వెనక్కి తగ్గి మరొకటి ముందుకొస్తుంది. కారణం ఉన్నచోట కార్యం ఉందా, లేనిచోట లేదా అని చూసే అన్వయ వ్యతిరేకాలకు కూడా ఇక్కడ చోటుంది. మొదటి సిలిండర్ మిస్ అవుతోందని పి0301 వస్తే, దాని కాయిల్‌ను రెండో సిలిండర్‌కు మార్చి చూస్తారు. కోడ్ పి0302గా మారితే లోపం కాయిల్‌తోపాటు కదిలిందని తేలుతుంది. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాల్సి ఉంటుంది.

కోడ్ లేకపోవడం కూడా ఒక ప్రశ్నే. కుండ నేలమీద లేదని చెప్పాలంటే, ఉంటే కనబడేంత వెలుతురు ఉండాలి. భాట్ట మీమాంసకులు, అద్వైత వేదాంతులు అనుపలబ్ధికి (కనబడకపోవడం ద్వారా లేదని తెలుసుకోవడానికి) యోగ్యత, అంటే ఉంటే కనబడే అర్హత, కావాలన్నది ఇందుకే. బ్యాటరీ తీసి పెట్టిన బండిలో కోడ్‌లు చెరిగిపోవచ్చు, కంప్యూటర్ చేసుకునే స్వీయ పరీక్షలు మళ్లీ మొదటికి రావచ్చు. అవి పూర్తయ్యేదాకా కోడ్ లేదన్న మాటకు విలువ లేదు. 1996కు ముందటి అనేక జనరల్ మోటార్స్ కార్లు ఈ యోగ్యతను తామే చాటుకునేవి. డ్యాష్‌బోర్డు కింది సాకెట్‌లో రెండు పిన్నులు కలిపితే లైటు ముందుగా 12 అంకెను మినుకులతో చూపేది. ఇంజన్ తిరగడం లేదన్నది దాని అర్థం. లోపాలను చెప్పే వ్యవస్థ పనిచేస్తోందనడానికీ అదే గుర్తు.

వ్యాప్తిని ఎన్నటికీ పూర్తిగా తెలుసుకోలేమని చార్వాకులు అనుమానాన్ని ప్రమాణంగా, అంటే నమ్మదగిన జ్ఞానసాధనంగా, ఒప్పుకోలేదు. సందేహానికి హద్దు ఉందని, రోజువారీ ప్రవర్తనే ఆ సందేహానికి అడ్డు తగిలేచోట అది ఆగిపోతుందని నైయాయికుడు ఉదయనుడు జవాబిచ్చాడు. జ్ఞానం సత్యమన్న సంగతి ఆ జ్ఞానంలోంచే తెలియదని, సఫలమైన ప్రవృత్తి వల్ల తెలుస్తుందని న్యాయమతం. కోడ్ చెరిపేస్తే లైటు ఆరుతుంది గానీ నిర్ధారణ రుజువు కాదు. చిరిగిన పైపు మార్చాక దిద్దుబాటు శాతం సున్నా దగ్గరికి వచ్చి, స్వీయ పరీక్షలన్నీ పూర్తయ్యాక కూడా కోడ్ తిరిగి రాకపోతే అప్పుడు రుజువైనట్టు. కాబట్టి కోడ్ ప్రమాణం కాదు, ప్రమాణానికి దారితీసే హేతువు. దాన్ని పరీక్షించి, తోసివేయవలసినవి తోసివేసి, ఫలితంతో సరిచూసినప్పుడే అది జ్ఞానమవుతుంది.