చెట్టు క్రింది పాఠం

గోడల మధ్య కూర్చుంటే చదువుకు ఏకాగ్రత కుదురుతుందని కొందరంటారు. అయితే చెప్పవలసిన విషయమే గోడకు వెలుపల ఉన్నప్పుడు ఆ గోడ సహాయమా, ఆటంకమా? 1901లో శాంతినికేతనంలో పాఠశాల నెలకొల్పిన రవీంద్రుడు పిల్లలను చెట్ల నీడకు తీసుకొనిపోయాడు. 1928లో అక్కడ వృక్షారోపణోత్సవం ప్రారంభించాడు. పర్యావరణం నిర్బంధ పాఠ్యవిషయం కావలెనని 1991లో సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించింది. ఆదేశం మంచిదే. కాని పుస్తకంలో మాత్రమే చూచిన అడవి పరీక్షతో ముగిసిపోతుంది.

కేరళలో అనేకమంది విద్యార్థులు ‘సీజన్ వాచ్’ అనే కార్యక్రమంలో చేరి, తలకొక చెట్టును ఎన్నుకొని, వారానికొకసారి దాని చిగురును, పూతను, కాయను చూచి వ్రాసిపెడుతున్నారు. తెలుగువారు రేల అని పిలిచే కణికొన్న విషు పండుగకు చాలా ముందే పూయడం అక్కడివారి కంట పడింది. ఒక్క యేటి పూతను చూచి శీతోష్ణస్థితి మారిందని తీర్పు చెప్పవచ్చునా? చెప్పరాదు. దానిని నిర్ణయించడానికి శాస్త్రజ్ఞులు 30 సంవత్సరాల సగటును ప్రమాణంగా తీసుకుంటారు. విద్యార్థి ఉన్నత పాఠశాలలో ఉండేదో, అయిదారేళ్లు.

ధర్మసూక్ష్మం ఇక్కడనే ఉన్నది. తాను చూడబోని ఫలితం కొరకు, తానెరుగని వారి కొరకు ఆ బాలుడు నిజం వ్రాయాలి. వాన సాకుతో ఇంట కూర్చుండి, ఊహించి ఒక వారం పూరిస్తే పట్టుకొనేవారు లేరు. మోసపోయేది మాత్రం రేపటి పాఠకుడు. మార్కులు లేని ఈ సత్యనిష్ఠ ఏ పాఠ్యగ్రంథమూ నేర్పజాలదు.

పెద్దలు చేసిన అప్పుకు పిల్లలను పూచీ నిలపడం న్యాయమా, పదిహేనేళ్ల ప్రాయానికి నష్టాన్ని చూపడం నిరాశను నేర్పడం కాదా అని ఆక్షేపించవచ్చు. ఇది తోసివేయదగిన ఆక్షేపణ కాదు. చూడగల కన్ను వారికున్నది గాని, పొగగొట్టాన్ని ఆపే అధికారం వారికి లేదు. కనుక నేర్పేవారికి రెండు విధులున్నవి. నష్టాన్ని చూపేముందు సమృద్ధిని చూపాలి: మర్రిపూలు కాయలోపలే దాగి ఉంటాయని, వాటిలోనికి దూరే చిన్న కందిరీగ లేనిదే ఆ మహావృక్షం గింజ కట్టదని చూచిన పిల్లవాడు ముందు ఆశ్చర్యపడతాడు; ఆశ్చర్యపడినవాడే కాపాడగోరుతాడు. రెండవది, పిల్లలు వ్రాసినదానిని పెద్దలు చదివి, తమ నిర్ణయాలలో లెక్కలోనికి తీసుకోవాలి. ఏళ్ల తరబడి చూచిన చెట్టు, రోడ్డు వెడల్పు పేరిట ఒక ఉదయం మాటామంతీ లేకుండా కూలిపోతే, ఆ పిల్లలు నేర్చేది జీవవైవిధ్యం కాదు, పెద్దల మాటకు విలువ లేదన్న సంగతి. చెట్టు క్రింద పాఠం చెప్పినవారు ఆ చెట్టుకు కూడా పూచీపడినవారే.