ఎముక పైన, ఒళ్లు లోపల

1899లో పోకాక్ అనే ఇంగ్లండు జంతుశాస్త్రవేత్త పేరుపెట్టిన నీలి సాలీడు దొరికింది మన గుత్తిలో, రైల్వే కలప యార్డులో. తర్వాత నూరేళ్ల పాటు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో, చెట్ల తొర్రల్లో మళ్లీ కనబడింది. మొదటిది బహుశా దుంగలతో పాటు రైలెక్కి వచ్చుంటుంది. లోకమంతా దాని నీలం చూసి మురిసిపోతుంది. ఆ నీలంలో రంగు అనే పదార్థమే లేదు. వెంట్రుకల్లోని అతి సన్నని అమరిక వెలుతురులోంచి నీలాన్ని ఏరి వెనక్కి కొడుతుంది, అంతే.

నాకు ఆ నీలం కన్నా దాని కింది ఒళ్లే వింత. ఎముకలు మనకు లోపలుంటే, దానికి పెంకు పైనుంది. కాలు ముడవడానికి కండరాలున్నాయి గానీ, రెండు ముఖ్యమైన కీళ్ల దగ్గర చాపడానికి లేవు. తల ఉన్న ముందు భాగం నెత్తుటిని ఒత్తి కాళ్లలోకి తోస్తే అవి చాచుకుంటాయి. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోమంటారు మనవాళ్లు. సాలీడు నెత్తుటి ఒత్తిడి ఉన్నంతవరకే చాపగలదు. చచ్చిన సాలీడు కాళ్లన్నీ ముడుచుకుని పడుండేది అందుకే.

ఇంకో విడ్డూరం, దాని గొంతు మెదడు నడుమనుంచి పోతుంది. ముద్ద మింగే వీల్లేదు. కోరలు దించి, విషంతో ఎరను అణచి, జీర్ణరసం కక్కి, మాంసం నీరయ్యాక పీల్చుకుంటుంది. జీర్ణం సగం ఒంటి బయటే అయిపోతుంది. అలాంటప్పుడు దాని ఒళ్లు ఎక్కడిదాకా? ఆ విషం మనిషికెక్కితే ఒళ్లు నొప్పులు, కండరాల ఈడ్పులు రోజుల తరబడి వేధిస్తాయి.

ఓసారి చింతచెట్టు తొర్రలో దొరికిన పెద్ద సాలీడు కుబుసాన్ని భూతద్దం కింద పెట్టాను. వీపు డొప్ప మూతలా లేచి ఉంది. కోరల తొడుగులు, మొన వరకు. పొట్ట కింద తెల్లటి పొరలు, అవి ఊపిరితిత్తుల లోపలి అస్తరు. పాతబట్ట విడిచినట్టు ఒంటిని విడవడమనే పోలిక చిన్నప్పటినుంచీ వింటున్నదే. కానీ ఆ పోలికలో బట్ట వేరు, తొడుక్కున్నవాడు వేరు. ఇక్కడ బట్టతో పాటు ఊపిరాడే చోటి పొర కూడా ఊడి వచ్చింది. విడిచిందెవరో, విడిచిందేమిటో గీత గీసి చెప్పమంటే నా చేత కాలేదు.

కుబుసం విడిచిన కొత్తలో కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. విషగ్రంథి ఉన్నచోటే ఉంటుంది, దించే కోరే ఇంకా గట్టిపడి ఉండదు. ఆ అదనులో కీచురాయి కూడా దాన్ని కొరికి తినగలదు. అందుకే సాలీళ్లను పెంచేవాళ్లు ఆ రోజుల్లో గాజుపెట్టెలోంచి ముందు మేతకు వేసిన కీచురాళ్లను ఏరేస్తారు.