నీటిలోని రెండవ సాక్షి

నీటిలోని ప్రతిబింబమును ఛాయాచిత్రముగా తీయువారు తరచుగా ఒక పొరపాటు తలంపుతో మొదలుపెట్టుదురు. పైనున్నదే క్రింద తలక్రిందులుగా నున్నదని వారనుకొందురు. నేనును అట్లే అనుకొంటిని. కాని కెమేరా నీటికి మూడడుగుల ఎత్తున నున్నయెడల, ప్రతిబింబములో మనము చూచునది నీటికి మూడడుగుల లోతునుండి పైకి చూచు కన్నునకు కనబడు దృశ్యమే. నీటిపైకి వంగిన ఆకు పైభాగము మనకు కనబడును. దాని అడుగుభాగము నీటిలో కనబడును. కాబట్టి పై సగమును కంప్యూటరులో తిరగవేసి క్రింద అతికించువాడు ప్రతిబింబమును చూపుట లేదు. రెండవ సాక్షిని బయటికి పంపి, మొదటి సాక్షి చేతనే రెండు మారులు చెప్పించుచున్నాడు.

మరియు నీరు తనపై పడిన వెలుగు నంతటిని తిరిగి ఇయ్యదు. నిట్టనిలువుగా క్రిందికి చూచినప్పుడు నూటికి రెండు పాళ్లు మాత్రమే తిరిగివచ్చును; చూపు నీటిమట్టమునకు వాలినకొలది అది హెచ్చును. గట్టున వంగి కూర్చుండి తీయువారికి మంచి ప్రతిబింబము దొరకుట ఇందుచేతనే. ఐనను క్రింది ఆకాశము పై ఆకాశముకంటె మసకగానే యుండును. ఈ భేదమును కన్ను సర్దుకొనునంతగా కెమేరా సర్దుకొనజాలదు. అందుకై సగము బూడిదరంగు గల ఫిల్టరును వాడుదురు, లేదా తరువాత క్రింది సగమును కొంత వెలిగింతురు. ఇందు దోషము లేదని నా అభిప్రాయము. అన్సెల్ ఆడమ్స్ వంటివాడే చీకటిగదిలో ఒకచోట వెలుగు తగ్గించి, మరియొకచోట పెంచి ప్రింట్లు చేసెను. (క్రింది ఆకాశమును పైదానికంటె తెల్లగా చేయువారును కలరు, వారి సంగతి వేరు.)

ఇక నా సంగతి. కొల్లేటి తీరమున, కైకలూరునకు సమీపమున ఆటపాక యున్నది. అక్కడ పెలికన్ పక్షులు గూళ్లు కట్టుకొనును. చెట్లు చాలనందున అటవీశాఖవారు నీటిలో ఇనుప స్టాండ్లు నిలిపిరి. పక్షులు వాటిని కాదనలేదు. గాలిలేని ఒక ఉదయమున ఒక గూటిని, దాని నీడను తీసితిని. ఇంటికి వచ్చి చూడగా ఇనుప కాళ్లు కంటికి గుచ్చుకొనెను. వాటిని తుడిచివేసి, మరియొక చిత్రములోని చెట్టును అక్కడ అమర్చితిని. మా మనుమడు దానిని చూచి, "పైన చెట్టుంది, నీళ్లలో ఇనుపకాళ్లున్నాయేంటి తాతయ్యా?" అనెను. సిగ్గుపడవలసిన చోట నేను నవ్వితిని. ఆ రాత్రియే నీటిలోని కాళ్లనుకూడ మార్చి, ఆ చిత్రమునకు అద్దము కట్టించితిని.

కొన్నాళ్లకు మా బావగారు వచ్చి గోడవైపు చూచి, "కొల్లేరు పాడైపోయిందంటారు గాని బావగారూ, చెట్లూ పక్షులూ నిక్షేపంగా ఉన్నాయే!" అనిరి. నేను నోరు మెదపలేదు. చేపల చెరువుల గట్లు ఆ సరస్సును ఎట్లు ఆక్రమించినవో, 1999లో అభయారణ్యముగా ప్రకటించిన పిమ్మటను 2006లో ఆ గట్లను ఎందుకు తెగగొట్టవలసివచ్చెనో నేనెరుగుదును. ఆ కథలో కొంత ఆ ఇనుప కాళ్లలో నుండెను.

"ప్రక్కకు జరిగి, స్టాండు పడకుండ తీసియుంటే తప్పు కాదా?" అని మీరడుగవచ్చును. ఈ ప్రశ్న నన్ను చాల దినములు విడువలేదు. చిత్రమునకు అంచు కలదని చూచువాడెరుగును. అంచునకు ఆవల ఏమున్నదని అతడడుగగలడు. అంచు లోపల నేను నాటిన చెట్టునుగూర్చి అతడడుగడు, అడుగుటకు అతనికి కారణమే లేదు. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రఫిక్ పత్రిక తన ముఖచిత్రముకొరకు గీజా పిరమిడ్లను కంప్యూటరుతో దగ్గరకు జరిపినప్పుడు విమర్శ చెలరేగుటకు ఇదియే హేతువని తలంచెదను. ఐనను పది గూళ్లలో తొమ్మిదింటిని విడిచి, చెట్టుమీది ఒక్కదానినే చూపియుంటే మా బావగారు ఆ మాటయే అనియుందురు. దీనికి నాయొద్ద తేలికయైన జవాబు లేదు. బొమ్మ క్రింద రెండు మాటలు వ్రాయుట కొంత మేలు.

గోడమీది చిత్రమును దింపితిని. మొదట తీసినదానిని ప్రింటు వేయించి, "స్టాండ్లు అటవీశాఖవారివి" అని వెనుక వ్రాసి బావగారికి పంపితిని. అందు పై సగములో గూడును పక్షియు కనబడును. స్టాండు అడుగున అడ్డముగా బిగించిన చువ్వలు, వాటి సందులనుండి వ్రేలాడు పుల్లలు మాత్రము నీటిలోనే బాగుగా కనబడుచున్నవి.