అవరోహణమూ సాధనయే

పర్వతారోహణమనగానే మారేడ్‌పల్లి వాసి హిమాలయాలనే స్మరించనక్కరలేదు. సికింద్రాబాదు స్టేషనులో కాజీపేట వైపు రైలెక్కి గంటసేపు కూర్చుంటే, చాళుక్య త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని పేరును నేటికీ ధరించిన భువనగిరి ఏకశిల, 500 అడుగుల పైచిలుకు ఎత్తున ఎదురుగా నిలిచి ఉంటుంది. మెట్లదారిన కోటను చేరేవారు చేరుతుండగా, శిలారోహణం నేర్చేవారు నడుముకు తాడు బిగించి నున్నని బండను పట్టి పైకి సాగుతుంటారు. రెండు చేతులు, రెండు పాదాలలో మూడు స్థిరంగా ఆనినప్పుడే నాలుగవదానిని కదపాలన్నది వారికి తొలిపాఠం. ఒక్కనాటిలోనే ఆహారాన్నీ నిద్రనూ వ్యవహారాన్నీ తలకిందులు చేసుకుని వైరాగ్యం సిద్ధించిందనుకునే ఉత్సాహవంతులు ఈ పాఠం చదవనివారే. అంతకన్న సూక్ష్మమైనది మరొకటి ఉన్నది: ఏటవాలు బండపై భయంతో శిలను కౌగిలించుకున్నవాని పాదం జారుతుంది, దేహాన్ని శిలకు కొంత ఎడంగా నిలిపి, భారమంతా పాదాలపై మోపినవాడు నిలుస్తాడు. ఆసక్తికీ ఆశ్రయానికీ గల భేదమంతా ఆ జానెడు ఎడంలోనే ఇమిడి ఉన్నది.

ఈ బండపైనే తొలి అడుగులు నేర్చిన నిజామాబాదు జిల్లా పాకాల బాలిక మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్లైనా నిండకముందే, 2014 మే 25న తోటి ఆరోహకుడు ఆనంద్‌కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుండి ఎవరెస్టును అధిరోహించింది. లోకం కీర్తించేది ఆ శిఖరక్షణాన్నే. సాధకుడు గ్రహించవలసినది దానికి ముందు వారాల తరబడి సాగే క్రమాన్ని. శిఖరాన ప్రాణవాయువు సముద్రతీరంలో లభించేదానిలో మూడవ వంతే గనుక, ఆరోహకులు నేరుగా పైకి పోక, ఒక శిబిరం దాకా ఎక్కి, కిందికి దిగి నిద్రించి, మళ్లీ మరికొంత ఎత్తుకు ఎక్కుతారు. పలుచని గాలి దేహాన్ని పరీక్షిస్తే, కింది శిబిరంలోని విశ్రాంతిలో దేహం తేరుకుని ఆ ఎత్తుకు అలవాటుపడుతుంది. పతంజలి యోగాంతరాయాలు తొమ్మిదింటిలో చివర పేర్కొన్న అనవస్థితత్వం, అనగా పొందిన భూమికలో నిలువలేకపోవడం, పైకి చూడగా ఈ దిగుదలవంటిదే అనిపించవచ్చు. కాని తాడు వదలి జారినవాడూ, తాడు పట్టి దిగినవాడూ ఒకే చోటికి చేరినా ఒకే స్థితిలో ఉండరు. ధ్యానం నుండి లేచి వంటింటికో కార్యాలయానికో మరలిన మనస్సు అక్కడ చంచలమైనంత మాత్రాన పతితం కాదు. చిత్తాన్ని బయటికి లాగే వ్యుత్థాన సంస్కారాన్ని, దానిని నిలిపే నిరోధ సంస్కారం అణచేది పునః పునః ప్రయత్నం చేతనే గాని ఒక్క ఆవేశం చేత కాదు.

ఎనిమిది వేల మీటర్లు దాటిన తరువాత ఎవరెస్టుపై మరణించినవారిలో అధికులు దిగుతూ మరణించినవారే; అహంకారం శిఖరాన్నే గమ్యమనుకుని అక్కడే శక్తినంతా వ్యయం చేస్తుంది. నిన్నటి ఏకాగ్రత నేడు కుదరలేదని జపమాలను పక్కన పెట్టబోయేవారు, ముందుగా తాము జారారో దిగారో పరీక్షించుకోవాలి. జారినవారు గురువును ఆశ్రయించాలి. దిగినవారు రేపు బ్రాహ్మీముహూర్తాన అదే ఆసనంపై కూర్చుంటే చాలు.